త్రీడీ బొమ్మలో దొరలు

మున్సిపాలిటీ సొమ్ముతో ఏం కట్టబోయినా ముందు త్రీడీ బొమ్మ వస్తుంది. మార్కెట్టు కావచ్చు, వాటర్ ట్యాంకు కావచ్చు, శ్మశానం కావచ్చు. బొమ్మలో రోడ్డు మీద ఆటో ఉండదు, పైన కరెంటు తీగ ఉండదు. కుక్క మాత్రం ఉంటుంది, మెడకి బెల్టుతో. ఆ బెల్టు పట్టుకుని ఒక తెల్లావిడ నవ్వుతూ నడుస్తుంటుంది. పక్కన సూటేసుకున్న దొర, చేతిలో బ్రీఫ్‌కేసు.

మా విశాఖ ఆర్కే బీచ్ బొమ్మలో వీళ్లుంటే టూరిజం అనుకుని సర్దుకుపోవచ్చు. కానీ ఈమధ్య వాట్సాప్‌లో నాదాకా వచ్చిన బొమ్మ చెత్తబండ్ల యార్డుది. చెత్తని నొక్కి మోసే కంపాక్టర్లు, జేసీబీలు, గెడ్డల్లో, అంటే ఊరి మురుగు పారే వాగుల్లో, పూడిక తీసే బండ్లు నిలబెట్టి, కడిగి, రిపేరు చేసుకునే షెడ్డు. ఎవరు గీశారో, పేర్లెందుకు. అందులోనూ దొర ఉన్నాడు!

ఆయనకి అక్కడేం పనో ఎంత ఆలోచించినా తెగడం లేదు. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరు వైపు చెత్తంతా మింగిన కంపాక్టర్ గేట్లోంచి లోపలికొస్తుంది. వెనకనుంచి నల్లటి రసం కారుతుంటుంది. దొరగారు బ్రీఫ్‌కేసు గుండెకి హత్తుకుంటారు. "కూసింత జరగండి బాబూ, రివర్సు కొట్టాల" అంటాడు డ్రైవరు. ఎక్కడికి జరుగుతాడు పాపం? ఎడమపక్క ఫౌంటెన్, కుడిపక్క లాన్, వెనక సెల్ఫీ పాయింట్. అంత పొడుగు బండి తిరగడానికి జాగా కావాలన్న సంగతి గీసినవాళ్లకి తట్టలేదు. డ్రైవరు లాన్ మీదుగానే తిప్పుతాడు. తెల్లావిడ ముక్కు మూసుకుంటుంది. యార్డు మొత్తంలో మనస్ఫూర్తిగా సంతోషించే ప్రాణి ఆ కుక్కొక్కటే. చేపల వాసనకి బెల్టు తెంపుకుని బండెక్కేస్తుంది.

భవనం ముందంతా అద్దాలు. సముద్రపు గాలికి ఇనప గేట్లే తుప్పు పట్టి ఊడొచ్చే ఊళ్లో, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊళ్లో, చెత్తబండ్లకి అద్దాల మేడ. ఆ రోజు విమానాశ్రయం టెర్మినలే దెబ్బతింది. బండ్లు కడిగిన నీళ్లు ఎటు పోతాయో మాత్రం బొమ్మలో లేదు. నేను చెబుతాను: పక్క గెడ్డలోకి, అక్కణ్నుంచి సముద్రంలోకి. ఆ నీళ్లని వేరే కాలవలో పట్టాలి, ఆయిలు విడదీయాలి, ఆ తర్వాతే వదలాలి. కానీ కాలవ ఫొటోలో పడదు కదా.

మనకి ఐకానిక్ జబ్బు కొత్త కాదు. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్ ఫ్లోటింగ్ బ్రిడ్జికి రిబ్బన్ కత్తిరించిన మర్నాడే చివరి భాగం విడిగా తేలింది. మేమే విడదీశామని అధికారులు సెలవిచ్చారు. అంత జవాబు దొరికాక ఇంకేం అడుగుతాం?

ఎస్టిమేట్ల సంగతి కాంట్రాక్టర్ల పక్కన కూర్చుని టీ తాగిన ఎవరికైనా తెలుసు. ముందు ఎలివేషన్, అంటే భవనం ముఖం ఎలా కనపడాలన్నది, తర్వాత దానికి సరిపడా అంకె. ఇటుకకీ సిమెంటుకీ సర్కారు ఖరారు చేసిన ఎస్సెస్సార్ రేట్లు, 18 శాతం జీఎస్టీ, అడుగున 1 శాతం లేబర్ సెస్. కట్టాక ఏటా మోటార్ల రిపేరుకి, కరెంటు బిల్లుకి డబ్బెక్కడిదని అడిగితే "అది వేరే హెడ్డండీ" అంటారు, అంటే వేరే పద్దని. ఆ సెస్ కూడా భవనం కట్టే కూలీల సంక్షేమానికే. భవనంలో రేపట్నుంచి పనిచేయబోయే వాళ్ల కోసం కాదు.

వాళ్ల కోసం ఏముందని ప్లాన్ వెతికాను. కాన్ఫరెన్స్ హాలుంది, దాని పక్కన వీఐపీ బాత్రూం ఉంది. తెల్లావిడ ఎందుకంత నిశ్చింతగా నవ్వుతోందో అప్పుడర్థమైంది. రోడ్లు ఊడ్చే ఆడవాళ్లకి మాత్రం బాత్రూం లేదు. బట్టలు మార్చుకునే గది లేదు. చీకటితో ఇంట్లోంచి బయల్దేరి, దారిలో ఒంటికి పోవాల్సొస్తుందని గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా చీపురు పట్టే మనుషులు వాళ్లు. నెలసరి రోజుల్లో ఎక్కడికెళ్లాలి? ఏ గోడ చాటుకి? 2017 స్వచ్ఛ సర్వేక్షణ్ శుభ్రత పోటీలో విశాఖకి దేశంలో 3వ ర్యాంకొస్తే శాలువాలు కప్పుకున్నారే, ఆ ర్యాంకు ఎవరి నడుం విరిస్తే వచ్చింది? 2016 చెత్త నిర్వహణ నిబంధనలు గ్లవ్స్, రెయిన్‌కోటు, బూట్లు ఇమ్మన్నాయి. ఇచ్చారే అనుకుందాం, తడిసిన ఆ కోటు ఆరేసుకోవడానికి ఒక మేకు కూడా లేదు. ఫౌంటెన్‌కి నీళ్లున్నాయి, వీళ్లు చేతులు కడుక్కోవడానికి కుళాయి లేదు. సిగ్గుండాలి!

అడిగి చూడండి, గొంతులో ఏ తడబాటూ లేకుండా జవాబొస్తుంది: "అవన్నీ సెకండ్ ఫేజ్‌లో ఉన్నాయండీ." టెండరు పెరిగినా, నిధులు తగ్గినా మొట్టమొదట సెకండ్ ఫేజ్‌కి వెళ్లేవి ఆ రెండు గదులే. అద్దాలు ఎప్పుడూ వెళ్లవు. కాబట్టి రేపు మీ వార్డులో ఇలాంటి షెడ్డుకి శంకుస్థాపన అంటే వెళ్లండి. ఆడవాళ్ల బాత్రూం ఎస్టిమేటులో ఎన్నో ఐటమో అడగండి. సెకండ్ ఫేజ్ అంటే, శిలాఫలకం కూడా అప్పుడే పెట్టుకోమనండి.