జూన్ 21న డ్యూటీలో చేరిన ఎండాకాలం

జూన్ 21 పొద్దున్నే ఫోన్ టింగుమంది. "నేటి నుంచి వేసవి ప్రారంభం. శుభాకాంక్షలు!" పక్కన పసుప్పచ్చ సూర్యుడి బొమ్మ, వాడికి నల్ల కళ్లద్దాలు. ఉత్తరార్ధగోళంలో ఏడాది మొత్తానికి పొడుగైన పగలు అదే. మర్నాటి నుంచి పగలు తరగడం మొదలు. మెట్లన్నీ ఎక్కేసి దిగబోతున్నవాడి మెడలో దండ వేసి, "ఇప్పుడే బయల్దేరారా?" అని అడిగినట్టుంది.

ఇంత శాస్త్రీయమైన ఏర్పాటును నాలాంటి అల్పుడు ప్రశ్నించకూడదు. అయినా ఉండబట్టక లెక్క తీశాను. మే 6న పగలు ఎంతో ఆగస్టు 6న కూడా దాదాపు అంతే. మొదటిది వసంతమట, రెండోది వేసవట! ఈ ఫోన్ లెక్కలో వసంతం మార్చి 20 ప్రాంతంలో ఇంచుమించు 12 గంటల పగటితో మొదలై పైకి ఎక్కుతుంది. వేసవి అవే మెట్లు దిగి సెప్టెంబర్ 22 ప్రాంతంలో మళ్లీ 12 గంటల దగ్గరికే వస్తుంది. వెలుతురు లెక్కన ఇద్దరూ కవలలే, ఒకడు ముందుకు నడుస్తాడు, ఇంకొకడు వెనక్కి.

ఆ రోజు ఋతువుల ఆఫీసులో ఏం జరిగి ఉంటుందో నా కళ్లకు కట్టినట్టుంది. సూర్యుడు చెమట తుడుచుకుంటూ గుమాస్తా ముందు నిలబడ్డాడు.

"రండి రండి, ఇవాళే కదా మీ జాయినింగ్!"

"జాయినింగేంటండీ, మే మొదటి నుంచి ఓవర్‌టైమ్ చేస్తున్నాను. రోజూ పెందలాడే వస్తున్నా, పొద్దుపోయాక వెళ్తున్నా."

"అదంతా వసంతం ఖాతాలో జమైపోయింది. ఇక్కడ సంతకం పెట్టండి."

"మరి ఈ రెండో కాయితం?"

"రేపట్నుంచి మీ పని గంటల్లో కోత."

"చేరిన రోజే కోతా?"

"రూలండీ. డిసెంబర్ 21న చలికాలం చేరుతుంది. దానికేమో మర్నాటి నుంచి పగలు పెంచుతున్నాం. మీరు మనసులో పెట్టుకోకండి."

వెనక బల్ల మీద భూమధ్యరేఖ ఫైలు దుమ్ముకొట్టుకుపోయి ఉంది. అక్కడ ఏడాది పొడవునా పగలు 12 గంటల 7 నిమిషాలే, అటూ ఇటూగా. "దీని మీద ఏం రాయమంటారు?" అని అటెండరు అడిగితే, "నీకెందుకు, జూన్ 21 ముద్ర కొట్టు" అన్నాడు గుమాస్తా. దక్షిణార్ధగోళం ఫైలును మాత్రం తలకిందులుగా పట్టుకుని చదువుతారు.

పండితులు ఊరుకోరు. నేలా సముద్రమూ వేడెక్కడానికి టైమ్ పడుతుంది, అందుకే ఎండలు వెలుతురు కన్నా వెనకబడతాయి అంటారు. నిజమే. అయితే వేడిని బట్టే పంచండి. పాశ్చాత్య దేశాల వాతావరణ శాస్త్రవేత్తలు ఆ పనే చేసి, జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా వేసవి అని గొడవ వదిలించుకున్నారు. వెలుతురే ముఖ్యమంటారా, చైనా పాత పంచాంగం ఉంది. అందులో వేసవి మే 5 ప్రాంతంలో మొదలవుతుంది, జూన్ 21 దానికి నడిమధ్య. వేడికీ అందక, వెలుతురుకీ అందక, మన ఫోన్ తేదీ రెంటికీ చెడ్డ రేవడి.

మా కింది వాటాలో ఏడో తరగతి పిల్ల ఉంది. పొద్దు గుంకే వేళ కిటికీలోంచి ఆఖరి ఎండ గోడ మీద ఎక్కడ పడితే అక్కడ, వారానికోసారి పెన్సిల్‌తో గీత గీస్తుంది. మార్చిలో గీతకీ గీతకీ మధ్య బెత్తెడు పైనే ఎడం. జూన్ రెండో వారం నుంచి నెలాఖరు దాకా గీసిన మూడూ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మరకైంది. సూర్యుడు నిలబడిపోయాడన్నమాట. లాటిన్‌లో జూన్ 21కున్న పేరుకు అర్థం కూడా అదే. పరీక్షలో "వేసవి ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగితే, "జూన్ 21 వేసవికి నడుమ వస్తుంది కాబట్టి మే మొదట్లో" అని రాసింది. ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి, పక్కన సున్నా పెట్టారు.

నాకు ఒళ్లు మండింది. నాలుగు నెలలు గోడ చూసి రాసిన పిల్లకి సున్నా, తల ఎత్తి ఆకాశం చూడకుండా బట్టీ పట్టినవాడికి మార్కు! నీ కళ్లు తప్పు, పుస్తకం ఒప్పు అని పన్నెండేళ్ల పిల్లకి నేర్పడానికి సిగ్గుండక్కర్లేదా? "ఇలా ఎందుకు రాశావమ్మా?" అని ఒక్క మాట అడిగితే ఏం పోయింది?

సెప్టెంబర్ 22న గీసిన గీత మార్చి 20 ప్రాంతంలో గీసిన గీత మీద పడింది. నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్లి చూపించి, "అంకుల్, దీని పక్కన ఏ కాలమని రాయను?" అంది. నేను నోరు తెరిచేలోపే జేబులో ఫోన్ టింగుమంది.