రాత్రి డ్యూటీలో ఎందరున్నారు?

మానసిక వికలాంగుల హోమ్‌కి తనిఖీకి వెళ్ళే అధికారులు ఏం చూస్తారో మనకు తెలుసు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకు ఉందా, సీసీ కెమెరాలు పనిచేస్తున్నాయా, స్టాక్ రిజిస్టర్‌లో బియ్యం లెక్క సరిపోయిందా. అన్నీ చూసి, ఒకరిద్దరి తల నిమిరి, ఫొటో దిగి వెళ్ళిపోతారు. అడగాల్సినవి రెండే ప్రశ్నలు. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఆయాలు ఉంటారు? నెల తిరిగేసరికి వాళ్ళ చేతికి ఎంత వస్తుంది? వీటికి నిజమైన జవాబు దొరికితే మిగతా రిజిస్టర్లు తెరవకపోయినా నష్టం లేదు.

నేను మాట్లాడుతున్నది పద్దెనిమిది దాటిన బుద్ధిమాంద్యం వాళ్ళ గురించి. (దీన్నీ మానసిక జబ్బునూ ఒకటే గాటన కట్టేవాళ్ళు ఆఫీసుల్లో కూడా ఇంకా ఉన్నారు. ఆ గొడవ మరోసారి.) పిల్లలకైతే జువెనైల్ జస్టిస్ చట్టం ఉంది, జిల్లాలో బాలల సంక్షేమ సమితి ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చే ఉచిత చదువు కూడా పద్దెనిమిదేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. ఆ మర్నాటి నుంచి అడిగే నాథుడు లేడు. స్పెషల్ స్కూల్లో చేరిన పిల్లాడు అదే ఆవరణలో గడ్డం వచ్చి, జుట్టు నెరిసి, నలభై ఏళ్ళ మనిషై ఉంటాడు. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళ సంగతి తల్లిదండ్రుల ఆయుష్షును బట్టి. పరకాల వైపు ఒక తల్లి నాతో అన్న మాట: "నేనున్నన్ని రోజులు ఫికర్ లేదు సారూ. నేను పోయినంక వీని మూతి ఎవలు కడుగుతరు?" బిల్డింగ్ ఎట్లుంటది, తిండి ఏం పెడతరు అని ఆమె అడగలేదు. ఎవరి చేతులు అని అడిగింది. చట్టాలు రాసినవాళ్ళ కంటే ఆమెకే విషయం బాగా తెలుసు.

నేను చూసిన ఒక హోమ్‌లో మగవాళ్ళ హాల్లో ఇరవైకి పైగా మంచాలు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లారేదాకా ఒక్క ఆయా. గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటుంది, ఎవరు బయటికి పోవాలన్నా తనను దాటి పోవాలి కాబట్టి. పక్కన ప్లాస్టిక్ డబ్బాలో ఫిట్స్ గోళీలు, ఎవరివి ఎవరివో గుర్తుండటానికి ప్లాస్టర్ ముక్కల మీద పెన్నుతో రాసిన పేర్లు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళలో ఫిట్స్ మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. వచ్చినప్పుడు మనిషిని పక్కకు తిప్పి, ఆగేదాకా దగ్గరే ఉండాలి. ఆ అయిదు నిమిషాల్లోనే ఇంకొకరు పక్క తడుపుతారు, మరొకరు గడియ తీస్తారు. పొద్దున అయిదింటికి స్నానాలు. బయట బండల మీద వరసగా నిలబెట్టి రబ్బరు పైపుతో నీళ్ళు, చలికాలమైనా అంతే. ఆమె రాక్షసి కాదు. అందరికీ వేడినీళ్ళు కాచి, ఒక్కొక్కరికీ బాత్రూం తలుపు వేసి, ఒళ్ళు తుడిచి, ఎవరి చొక్కా వాళ్ళకు తొడగాలంటే మధ్యాహ్నం అవుతుంది. అందుకే అక్కడ చొక్కాలు కూడా ఉమ్మడివే.

హోమ్‌లలో క్రూరత్వం అని పేపర్లలో వచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఇలాగే పుడుతుంది. రెండో ఆయా ఉండాల్సిన చోట తాళం ఉంటుంది. మూడో ఆయా ఉండాల్సిన చోట నిద్రమాత్ర ఉంటుంది. ఈ లెక్క ఎంత దూరం పోతుందో 1994లో మహారాష్ట్ర చూపించింది. శిరూర్‌లోని ప్రభుత్వ హోమ్‌లో ఉన్న బుద్ధిమాంద్యం అమ్మాయిలకు పుణె సాసూన్ ఆసుపత్రిలో గర్భసంచులు తీసేశారు. నెలసరి సమయంలో శుభ్రత చూడటం కష్టమవుతోందన్నది వాళ్ళు చెప్పిన కారణం. మహిళా సంఘాలు అడ్డం తిరిగితే గానీ ఆ ఆపరేషన్లు ఆగలేదు. ప్యాడ్ మార్చే మనిషిని పెట్టడానికి బదులు కడుపు కోశారు. 2024 జులైలో బుద్ధిమాంద్యం వాళ్ళ కోసం ఢిల్లీ ప్రభుత్వం నడిపే ఆశా కిరణ్ హోమ్‌లో ఒక్క నెలలోనే పది మందికి పైగా చనిపోయారు. ఆ హోమ్ ఉండాల్సినంత కంటే ఎక్కువ మందితో కిక్కిరిసి ఉంది. దేశ రాజధానిలోనే అలా ఉంటే ములుగు, భూపాలపల్లిలో ఎవరు లెక్కపెడతారు?

మన దగ్గర లోటు దయది కాదు. హన్మకొండలో ఏ హోమ్‌కి పోయినా ఫ్యాను రెక్క మీద ఒక పేరు, బెంచీ మీద ఒక పేరు, కూలర్ మీద 'కీర్తిశేషులు' అంటూ ఇంకో పేరు. నాయకుడి పుట్టినరోజుకి అరటిపళ్ళు, బ్రెడ్డు. ఆదివారం రెండు పూటలా బిర్యానీ, మంగళవారం నీళ్ళచారు. కేకు కోసే వేళకి అందరినీ వరసగా కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించడం కూడా ఆ ఆయా డ్యూటీయే. ఇన్నేళ్ళలో 'ఈ నెల రాత్రి ఆయా జీతం ఫలానా వారి జ్ఞాపకార్థం' అన్న బోర్డు నాకు ఒక్కటీ కనబడలేదు. జీతం మీద పేరు చెక్కించుకోలేం కదా.

హోమ్ నడిపేవాళ్ళ వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. "సేవ కోసం వచ్చాం, గ్రాంటు ఎప్పుడొస్తుందో తెలియదు, జీతాలు పెంచమంటే గేటుకి తాళం వేసుకోవాల్సిందే, అప్పుడు వీళ్ళంతా ఎక్కడికి పోతారు?" అంటారు. నిజమే, కొందరు సొంత ఇల్లు తాకట్టు పెట్టి నడిపారు. కానీ డబ్బు వస్తే అన్నీ వాటంతటవే బాగుపడతాయన్న నమ్మకం తప్పు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రి బుద్ధిమాంద్యం ఉన్న, పద్దెనిమిది దాటినవాళ్ళ కోసమే ఉండేది. మనిషికి వారానికి సగటున 3,500 పౌండ్లు ప్రభుత్వ ఖజానా నుంచి వెళ్ళేవి. అక్కడ కొట్టడాలు, ఈడ్చడాలు 2011లో బీబీసీ రహస్య కెమెరాతో బయటపడ్డాయి. అంతకు ముందే అక్కడి నర్సు ఒకరు తనిఖీ సంస్థకు ఫిర్యాదు చేశారు, పట్టించుకోలేదు. పదకొండు మందికి శిక్ష పడింది, ఆరుగురు జైలుకు వెళ్ళారు. తర్వాత తేలిందేమిటంటే, పన్నెండు గంటల షిఫ్టులు, అరకొర శిక్షణ, మాటిమాటికీ మారిపోయే సిబ్బంది. అంత డబ్బు వచ్చినా మనిషి పక్కన నిలబడేవాళ్ళ పరిస్థితి మారలేదు.

ఇప్పుడు మన ఉత్తర తెలంగాణ సంగతి. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వాళ్ళు ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా ఉన్నారు. 2023 అక్టోబర్‌లో అక్కడ యుద్ధం మొదలైనప్పుడు ఇక్కడి ఇళ్ళలో టెన్షన్ ఎంతో అందరికీ గుర్తే. అక్కడ వాళ్ళు చేసేది ముసలివాళ్ళకు స్నానం చేయించడం, తినిపించడం, రాత్రి మేలుకోవడం. జీతం మన డబ్బుల్లో నెలకు లక్ష దాటుతుంది. అదే జిల్లా మనిషి, అదే పని, ఇక్కడి హోమ్‌లో చేస్తే 'వసతి, భోజనం ఉచితం' అని చెప్పి చేతిలో ఎంతో కొంత పెడతారు. అంటే పని విలువ మనకు తెలియక కాదు. విమానం ఎక్కితేనే ఆ పనికి విలువ కడుతున్నాం.

ఒక్క హోమ్‌లనే అని ఏం లాభం? ఆడవాళ్ళు చేసే సంరక్షణ పని ఎక్కడున్నా మన ప్రభుత్వాలది ఇదే తీరు. ఆశాలు, మధ్యాహ్న భోజనం వండేవాళ్ళు, అంగన్‌వాడీలు, అందరికీ ఇచ్చేది గౌరవ వేతనమే. 2023 సమ్మె నాటికి తెలంగాణలో అంగన్‌వాడీ టీచరుకు 13,650, ఆయాకు 7,800 రూపాయలు. వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు దిగిరావాల్సి వచ్చింది. కేంద్రం హోమ్‌లకు ఇచ్చే దీన్‌దయాళ్ పథకం గ్రాంటులో కూడా సిబ్బంది పద్దు పేరు ఆనరేరియమే, అంటే అదే గౌరవ వేతనం. ఊళ్ళో భర్త పోయినవాళ్ళు, కొడుకులు వదిలేసినవాళ్ళు తలదాచుకోవడానికి ఈ పనిలోకి వస్తారని యాజమాన్యాలకు తెలుసు, సర్కారుకూ తెలుసు.

2016 చట్టం రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది, ప్రమాణాలు మాత్రం రాష్ట్రాలకు వదిలేసింది. ఎన్ని మంచాలకు ఎందరు ఆయాలన్న లెక్క ఆ చట్టంలో లేదు. ఆ లెక్క హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వం రాయాలి, రాత్రికి వేరే, పగటికి వేరే. ఆయా జీతం హోమ్ చేతుల మీదుగా కాకుండా నేరుగా ఆమె బ్యాంకు ఖాతాలో పడాలి. శిక్షణ ఇవ్వడానికి 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం వాళ్ళ కోసం జాతీయ సంస్థే ఉంది, వరంగల్ నుంచి రెండున్నర గంటల దూరం. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీకి కలెక్టరే పెద్ద. గార్డియన్‌షిప్ (బుద్ధిమాంద్యం వాళ్ళకు సంరక్షకుణ్ణి నియమించే) కాగితాల మీద సంతకాలతో పాటు హోమ్‌ల రాత్రి హాజరు పట్టీ కూడా తెప్పించుకోమనండి. వికలాంగుల పెన్షన్ నెలకు 4,016 నుంచి ఆరు వేలు చేస్తామన్న హామీ గురించి అందరూ అడుగుతున్నారు, అడగాల్సిందే. కానీ ఆ ఆరు వేలు వచ్చినా తల్లి పోయాక మూతి కడిగే మనిషిని అవి కొనలేవు.

హన్మకొండ ఏకశిలా పార్కు దగ్గర ధర్నా లేని వారం ఉండదు. అంగన్‌వాడీలు కూర్చున్నారు, ఆశాలు కూర్చున్నారు. హోమ్‌ల ఆయాలు కూర్చోగా నేను చూడలేదు. ఒక్కో హోమ్‌లో నలుగురో అయిదుగురో, అందరూ చెదిరి ఉంటారు, సంఘం లేదు. పైగా వాళ్ళు ఒక పూట ధర్నాకి వస్తే ఆ పూట ఇరవై మందికి అన్నం తినిపించేవాళ్ళు ఉండరు. ఆ సంగతి ఆయాలకు తెలుసు కాబట్టే రారు. అది తెలుసు కాబట్టే జీతం పెంచరు.