సోనిక్ యూత్ 1988తోనే అయిపోయిందా? (వాదోపవాదం)

న్యూయార్క్ బ్యాండ్ సోనిక్ యూత్ 1981లో మొదలై 2011లో ఆగింది. థర్‌స్టన్ మూర్, లీ రానాల్డో గిటార్లు, కిమ్ గోర్డన్ బేస్, 1985 నుంచి డ్రమ్స్ మీద స్టీవ్ షెల్లీ. ఆ ముప్ఫై ఏళ్ళలో వాళ్ళ ధ్వని ఎక్కడ పండింది, ఎక్కడ వాడింది అన్నదే తగువు. వాదించుకునేవాళ్ళిద్దరూ విశాఖపట్నం వాళ్ళే. బావ మహారాణిపేటలో గిటార్లు బాగుచేస్తాడు. బావమరిది విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని తర్వాత గిటారుకి మళ్ళినవాడు. నా మొగ్గు బావ వైపే. ముందే చెప్పేస్తున్నాను.

బావమరిది: నాది ఒక్కటే మాట బావా. 1988 అక్టోబరులో డేడ్రీమ్ నేషన్ వచ్చింది. డబుల్ ఆల్బమ్, డెబ్భై నిమిషాలు. అంతకుముందంతా ఎక్కడం, ఆ తర్వాతంతా దిగడం. 1990లో గెఫెన్ అనే పెద్ద రికార్డు కంపెనీ వాళ్ళ డీజీసీ లేబుల్‌కి వెళ్ళి గూ అనే ఆల్బమ్ చేశారు. 1992లో డర్టీ. దానికి ప్రొడ్యూసర్ ఎవరు? బుచ్ విగ్. ముందు ఏడాదే నిర్వాణకి నెవర్‌మైండ్ చేసినాయన. పెద్ద కంపెనీ, పెద్ద ప్రొడ్యూసర్, రేడియోకి సరిపోయే పాటలు. ఇంక ప్రయోగం ఎక్కడుంది?

బావ: ప్రయోగం అంటే నీ లెక్కలో ఏటి? గోలా?

బావమరిది: గోల కాదు, తెగింపు. ఎవడు ఏమనుకుంటే నాకేంటి అనే తత్వం. అది పోయింది.

బావ: తత్వం సంగతి తీగకి తెలీదురా. వాళ్ళ మొదటి రికార్డు, 1982లో వచ్చిన ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు), మళ్ళీ విను. తత్వం అప్పుడూ ఉంది. 1981 జూన్‌లో థర్‌స్టన్ తొమ్మిది రోజుల నాయిస్ ఫెస్ట్ జరిపించాడు, తెగింపుకేం తక్కువ? అయినా ఆ ఈపీ ఆ కాలపు మిగతా బ్యాండుల్లాగే శుభ్రంగా, పల్చగా ఉంటుంది. ఎందుకు? గిటార్లు చాలావరకు మామూలు ట్యూనింగ్‌లో ఉన్నాయి కాబట్టి. మరుసటి ఏడు కన్‌ఫ్యూజన్ ఈజ్ సెక్స్‌కి వచ్చేసరికి వేరే లోకం. మధ్యలో మారింది తీగలు కట్టిన పద్ధతి. మూర్, రానాల్డో ఇద్దరూ గ్లెన్ బ్రాంకా అనే స్వరకర్త గిటార్ బృందాల్లో వాయించారు. చాలా గిటార్లని ఒకే స్వరానికి కట్టి గట్టిగా మీటితే, ఎవరూ వాయించని పై స్వరాలు కూడా గాల్లో మోగుతాయని అక్కడ చూశారు. తమ దగ్గరున్నవి చూస్తే చవక గిటార్లు. చవక గిటార్‌కి ఫ్రెట్లు (మెడ మీది మెట్లు) సరైన దూరంలో ఉండవు, మామూలు కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి) పడితే అపస్వరం. అదే నాలుగు తీగలు ఒకే స్వరానికి కట్టావనుకో, ఆ తప్పు తప్పులా వినిపించదు, మోతలా వినిపిస్తుంది. డబ్బు లేకపోవడం నుంచి పుట్టిన ఉపాయం అది.

బావమరిది: ఇదంతా నాకు తెలిసిందే కదా బావా...

బావ: తెలిస్తే చెప్పు, ఎఫ్ షార్ప్ (F#) నాలుగు, ఈ (E) ఒకటి, బీ (B) ఒకటి. 1987 సిస్టర్ ఆల్బమ్‌లో స్కిజోఫ్రేనియా పాటకి వాడిన ట్యూనింగ్. నీ గిటార్ మీద ఇప్పుడు కట్టమంటే ఎలా కడతావు?

బావమరిది: బిరడాలు తిప్పి.

బావ: తిప్పు. నాలుగో తీగ తెగి నీ మొహానికి తగులుద్ది. కింది నాలుగు తీగలే లెక్క చూడు. ఆరో తీగ, అంటే అన్నిటికన్నా లావుది, ఈ (E) నుంచి రెండు ఫ్రెట్ల ఎత్తు పైకి. ఐదోది ఏ నుంచి మూడు కిందికి. నాలుగోది డీ నుంచి నాలుగు పైకి. మూడోది జీ నుంచి ఒకటి కిందికి. స్వరం నాలుగు ఫ్రెట్లు పెరిగితే తీగ మీద లాగుడు దాదాపు 60 శాతం పెరుగుద్ది. మూడు తగ్గితే 30 శాతం సడిలిపోద్ది. ఒకటి తెగుద్ది, ఇంకోటి ఫ్రెట్లకి కొట్టుకుని గరగరలాడుద్ది. అందుకే బజార్లో దొరికే 10-46 సెట్టు (గేజ్ అంటే తీగ లావు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) అలాగే వేయకూడదు. ఆరు, ఐదు స్థానాల్లో రెండిటికీ 42 గేజ్. నాలుగు, మూడు స్థానాల్లో రెండిటికీ 17 గేజ్ ప్లెయిన్ (పైన చుట్టు లేని) తీగ. అప్పుడు లాగుడు మామూలు సెట్టుకి దగ్గరగా వస్తుంది. ఇక అసలు మజా: ఆ రెండు 17 తీగల్ని పూర్తిగా కలపకూడదు. ఒకటి 185 హెర్ట్జ్ దగ్గర, రెండోది 187 దగ్గర ఉంచు. మోత సెకనుకి రెండుసార్లు లేచి పడుద్ది, రెండు అలలన్నమాట. పన్నెండో ఫ్రెట్‌లో రెండిటినీ కలిపి నొక్కితే నాలుగు అలలు. మెడ మీద పైకి పోయేకొద్దీ పాట ఊగే వేగం మారిపోతుంటుంది, పెడల్ (కాలితో నొక్కి ధ్వని మార్చే పెట్టె) ఒక్కటీ లేకుండా. నువ్వు తెగింపు అంటున్నది ఇదే.

బావమరిది: సరే, ఒప్పుకున్నాను. మరి నాదొక ప్రశ్న. తీగలూ గేజులే సంగీతమైతే నువ్వు చెప్పిన సెట్టు వేసుకున్న ప్రతివాడూ సోనిక్ యూత్ అయిపోవాలి. అవట్లేదేం? డేడ్రీమ్ నేషన్ గ్రీన్ స్ట్రీట్ స్టూడియోలో చేశారు. ఇంజనీర్ నిక్ సాన్సానో. పబ్లిక్ ఎనిమీతో, అంటే హిప్‌హాప్ వాళ్ళతో పనిచేసినవాడు. డ్రమ్స్ అంత దగ్గరగా, అంత గట్టిగా అంతకుముందు వాళ్ళ రికార్డుల్లో ఎప్పుడైనా విన్నావా? 1985 బ్యాడ్ మూన్ రైజింగ్‌లో డ్రమ్స్ పక్కింట్లో మోగుతున్నట్టుంటాయి. అది మనుషులు, గది, మైకుల పని. తీగల పని కాదు.

బావ: డ్రమ్స్ సంగతి నిజమే. షెల్లీ వచ్చాక లయ నిలబడింది, సాన్సానో దాన్ని ముందుకి తెచ్చాడు. కాని ఆ ఆల్బమ్ మొదటి పాట తలుపు తీసేది డ్రమ్స్ కాదు. టీనేజ్ రయట్‌లో థర్‌స్టన్ గిటార్ జీ, ఏ, బీ, డీ, ఈ, జీ. జీని షడ్జమం అనుకుని చదువు. స రి గ ప ద స. ఎడమ చెయ్యి పెట్టకుండా ఊరికే మీటితే మోహన రాగం...

బావమరిది: ఆగు. మోహన అనకు.

బావ: ఎందుకనకూడదు? చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. ఏది తప్పింది?

బావమరిది: స్వరాలు తప్పలేదు, మాట తప్పింది. బిలహరి ఆరోహణ కూడా స రి గ ప ద సే. మరి టీనేజ్ రయట్ బిలహరి అనవేం? స్వరాల పట్టిక రాగం కాదు బావా. మోహనలో గాంధారాన్ని ఎంత ఊపాలి, ధైవతం మీద ఎంతసేపు నిలబడాలి, ఏ సంచారం చేస్తే వినేవాడికి మోహన అని తెలుస్తుంది, అదంతా ఉంటేనే మోహన. గిటార్లో ఆరు తీగలూ ఒక్కసారి మోగితే ఆరోహణ లేదు, అవరోహణ లేదు, గమకం లేదు. మెట్లన్నీ ఒకేసారి నేలకూలినట్టుంటుంది. సినిమా పాట విని ఇది ఫలానా రాగం అని చెప్పేవాళ్ళ వరసలో చేరిపోయావు.

బావ: నేను రాగం గొప్పదనం తగ్గించలేదు కదా...

బావమరిది: తగ్గించావు. పైగా వాళ్ళ గొప్పదనం కూడా తగ్గించావు. వాళ్ళు చేసింది రాగం కాదు, శ్రుతి. తంబురా పని. తంబురా బ్రిడ్జి (తీగలు ఆనే దిమ్మ) మీద తీగ కింద జీవాళీ దారం పెడితే ఒక్క తీగలోంచి పది స్వరాలు పలుకుతాయి. వాళ్ళు తీగల కింద డ్రమ్ స్టిక్ దూర్చడం దానికి దగ్గర. మోహన కాదు.

(ఈ పక్కదారి తగువులో బావమరిదే గెలిచాడు. బావ మోహన మాట మళ్ళీ ఎత్తలేదు.)

బావ: దగ్గరే గాని అదే కాదు. జీవాళీ తీగని రెండు ముక్కలు చెయ్యదు, బ్రిడ్జికి తీగ ఒరుసుకునే తీరు మారుస్తుంది. డ్రమ్ స్టిక్ తీగని రెండుగా కోస్తుంది. సరిగ్గా సగంలో పెడితే ఈ పక్క మీటినా ఆ పక్క మోగుద్ది. మూడోవంతు దగ్గర, నాలుగోవంతు దగ్గర కూడా బాగా పలుకుద్ది. ఆ మధ్యలో ఎక్కడో పెట్టావా, గంట పగిలిన చప్పుడు. లావు కర్ర దూర్చితే తీగలు బ్రిడ్జి మీద గాడి వదిలేస్తాయి, జాజ్‌మాస్టర్ గిటార్‌కి మరీను. దాని శాడిల్స్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే ముక్కలు) గాడులు లోతుండవు, గట్టిగా మీటితేనే తీగ పక్కకి జారుద్ది, ఎత్తు సరిచేసే చిన్న స్క్రూలు మోతకి వదులైపోతాయి. అందుకే వాళ్ళు ఆ బ్రిడ్జి పీకి ట్యూనోమాటిక్ అనే ఇంకో రకం బ్రిడ్జి వేయించుకున్నారు. ఒకో గిటార్‌కి ఒకో ట్యూనింగ్, దానికే తగ్గ తీగలు. పాట పాటకీ గిటార్ మార్చడమే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, వాళ్ళ చరిత్ర కావాలంటే కంపెనీల పేర్లు కాదురా, గిటార్ పెట్టెలు లెక్కపెట్టాలి.

బావమరిది: కంపెనీని అంత తేలిగ్గా దాటెయ్యకు.

బావ: దాటెయ్యను, ఎదురుగానే వస్తాను. 1995 వాషింగ్ మెషీన్ ఏ కంపెనీ? అదే డీజీసీ. అందులో చివరి పాట ది డైమండ్ సీ ఎంతసేపు? 19 నిమిషాల 35 సెకన్లు. కిమ్ చాలా పాటల్లో బేస్ పక్కన పెట్టి గిటార్ పట్టుకుంది, మూడు గిటార్లు, కింద బేస్ లేదు. అడుగు లేకపోయేసరికి గిటార్లే కిందికి దిగి మోయాల్సి వచ్చింది. అదే ఏడు లాలాపలూజా అనే ఊరూరా తిరిగే సంగీతోత్సవం పర్యటనలో పెద్ద బ్యాండుగా తిరిగారు. ఆ డబ్బుతో న్యూయార్క్ మర్రీ స్ట్రీట్‌లో సొంత స్టూడియో కట్టుకున్నారు. గంటకింత అని అద్దె లేని చోట ఇరవై నిమిషాల పాటకి భయమేముంది? నువ్వు తిట్టే పెద్ద బజారు డబ్బే వాళ్ళకి తీరిక కొనిపెట్టింది.

బావమరిది: బాగుంది. మరి 1997లో ఎస్‌వైఆర్ అని సొంత లేబుల్ ఎందుకు పెట్టుకున్నారు? 1999లో గుడ్‌బై ట్వంటియత్ సెంచురీ అని జాన్ కేజ్, స్టీవ్ రైక్, పౌలీన్ ఒలివెరోస్ లాంటి ప్రయోగ స్వరకర్తల రచనలు వాయించి ఆ లేబుల్ మీదే ఎందుకు వేశారు? కంపెనీకి పాటలు, తమకి ప్రయోగాలు. ఇల్లు రెండు వాటాలు చేశారు. 1988లో ఆ గోడ లేదు. ఒకే ఆల్బమ్‌లో ఎరిక్స్ ట్రిప్ ఉంది, పద్నాలుగు నిమిషాల ట్రిలజీ ఉంది, పల్లవీ గోలా ఒకే గదిలో ఉన్నాయి. గోడ కట్టుకున్నవాళ్ళని ఎదిగారనవు, సర్దుకున్నారంటావు.

బావ: ...ఇది గట్టి దెబ్బే.

బావమరిది: ఇంకోటి. 2000లో ఎన్‌వైసీ గోస్ట్స్ అండ్ ఫ్లవర్స్. పిచ్‌ఫోర్క్ అనే సంగీత సమీక్షల వెబ్‌సైటు పదికి 0.0 ఇచ్చింది. సున్నా అన్యాయమే, కాని అది వినడానికి నువ్వు ఎన్నిసార్లు కూర్చుంటావు?

బావ: ఎక్కువసార్లు కూర్చోను. పాడకుండా మాటలు చదివే ఆ పద్ధతి నాకూ అతకలేదు. కాని ఎందుకలా వచ్చిందో చూడు. 1999 జూలైలో కాలిఫోర్నియాలో వాళ్ళ సామాను లారీ దొంగతనమైంది. గిటార్లు, పెడల్స్, ఆంప్‌లు, ఏళ్ళ తరబడి సరిచేసుకున్నవి. ఒకో గిటార్‌కి ఒకో ట్యూనింగ్ అన్నానే, గిటార్ పోతే దాంతోపాటు ఆ పాటల కుటుంబమే పోయింది. అదే మోడల్ ఇంకోటి కొనొచ్చు గాని, తీగ పోస్టుల దగ్గర అరిగిన తీరూ మార్చిన వైరింగూ కొనలేరు. ఉన్న వాటితో చేశారు, తడబడ్డారు. ఆ తర్వాత వచ్చిందే 2002 మర్రీ స్ట్రీట్. ఏడు పాటలు. జిమ్ ఓరూర్క్ ఐదో మనిషిగా చేరాడు. స్టూడియో వరల్డ్ ట్రేడ్ సెంటర్ పక్క వీధుల్లోనే, 2001 సెప్టెంబరు 11న పని మధ్యలో ఆగిపోయింది. నువ్వన్న గోడ ఈ ఆల్బమ్‌లో లేదురా. కరెన్ రీవిజిటెడ్ పదకొండు నిమిషాలు, మొదట చక్కని పాట, కొంతదూరం పోయాక గోలలో కరిగిపోద్ది, ఎక్కడ కరిగిందో చెప్పలేవు. డేడ్రీమ్ నేషన్‌లో పాట ఆగుద్ది, గోల మొదలవుద్ది, కుట్టు కనిపిస్తుంది.

బావమరిది: కుట్టు కనిపించాలి బావా. నాకు అదే ఇష్టం.

బావ: నీ ఇష్టం నీది. ఆ చివరి పదేళ్ళలో థర్‌స్టన్ ఎక్కువగా కట్టింది సి, జి, డి, జి, సి, డి. ఇది మన దగ్గర ఎవరైనా కట్టుకోవచ్చు. నాలుగో తీగ, మూడో తీగ ముట్టుకోనక్కర్లేదు. రెండోది ఒకటి పైకి, ఒకటోది రెండు కిందికి, ఐదోది రెండు కిందికి, ఆరోది నాలుగు కిందికి. ఆరోది ఒక్కటే పేచీ, 46 తీగ అంత సడిలితే పేడ ముద్దలా వాగుద్ది. దాని చోట 56 వెయ్యి, లాగుడు మళ్ళీ దాదాపు మామూలుకి వస్తుంది. 46కి కోసిన నట్ (మెడ చివర తీగలు ఆనే ముక్క) గాడిలో 56 కూర్చోదు, పైన వేలాడుద్ది. ట్యూన్ చేస్తుంటే టింగుమని ఎగిరి స్వరం దూకేస్తుంది. గాడి వెడల్పు చేయించి, పెన్సిల్ ముక్కు రుద్దాలి. లోతు మాత్రం పెంచకూడదు. లోతు పెరిగితే మొదటి ఫ్రెట్‌కి తగులుద్ది, అప్పుడు కొత్త నట్టే గతి. ఇంకోటి, బీచ్ రోడ్డు వైపు ఇల్లయితే మామూలు నికెల్ తీగ ఉప్పుగాలికి తొందరగా తుప్పు పట్టుద్ది. తుప్పు పట్టిన తీగ పొడుగంతా ఒకే లావుండదు, దానితో నేను చెప్పిన ఏ అల కూడా నిలవదు. వాయించాక తుడిచి పెట్టెలో పెట్టు, లేదా కోటింగ్ ఉన్నవి కొను.

బావమరిది: నట్ నువ్వే కొయ్యి, డబ్బులు తీసుకో. వాదన మాత్రం వదలను. మర్రీ స్ట్రీట్ ఇచ్చేస్తున్నాను, తీసుకో. 2004 సోనిక్ నర్స్ కూడా సగం ఇస్తాను. 2006 రాదర్ రిప్డ్ సంగతి చెప్పు. ఓరూర్క్ వెళ్ళిపోయాడు, పాటలు చాలావరకు పొట్టి, తేట, ఎక్కడా చెయ్యి కాలదు. నీ గిటార్ పెట్టెల లెక్క ప్రకారం పెట్టెలు మళ్ళీ నిండాయి కదా అప్పటికి. మరి గోల ఏదీ?

బావ: రాదర్ రిప్డ్‌లో పాటలు బాగుంటాయి.

బావమరిది: పాటలు బాగుంటాయని నేనూ అంటాను. ప్రయోగం ఏదని అడిగాను.

బావ: ...లేదు. 2009లో ది ఎటర్నల్‌కి మాటడార్ అనే చిన్న కంపెనీకి వెళ్ళాక కొంత తిరిగొచ్చింది.

బావమరిది: అంటే పెద్ద కంపెనీ వదిలాక!

బావ: గిటార్ రేపు సాయంత్రం పట్టుకురా. 56 తీగ కూడా నువ్వే తెచ్చుకో.