కొండదారిలో సైకిల్ తొక్కేముందు ఊరిని అడగాలి

ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడిలో బయల్దేరి గుమ్మా మీదుగా సెరంగో ఎక్కి, అటు గుణుపురం దిగి, వంశధార పక్కనే కాశీనగర్ మీదుగా మళ్లీ పర్లాకిమిడి. తారు రోడ్డు మీదే పోతే ఇదో మామూలు రౌండు. అదే రోడ్డు వదిలేసి సవర గిరిజనుల ఊళ్ల మధ్య ఉన్న పాత కాలిబాటలు పట్టుకుని మౌంటెన్ బైక్ మీద తిరగండి, తొడలు, మణికట్లు, ఊపిరి, అన్నిటికీ పరీక్షే. వీకెండ్ వస్తే సైకిలేసుకుని కొండలెక్కే కుర్రాళ్లు ఇప్పుడు మనవైపూ ఉన్నారు, ఇక్కడో ట్రైల్ సర్క్యూట్ రావాలని నాకూ బలంగానే ఉంది. కాకపోతే అది ఎటు నుంచి ఎటు పోవాలో పర్యాటక శాఖ ఆఫీసులోనో, ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసుకున్న నాలాంటోడో తేల్చేస్తే ఒప్పుకోను. ఊరు తేల్చాలి, ఊరు వద్దంటే ఆ ముక్క వదిలేయాలి.

ఎందుకంటే ఈ దారులు ఖాళీగా పడున్న దారులు కావు. కింద నుంచి ఉప్పు, ఎండుచేప, బట్టలు పైకి, పై నుంచి చింతపండు, పసుపు, కొండచీపుర్లు కిందికి, కావిళ్ల మీదా నెత్తుల మీదా సంతకి వెళ్లొచ్చిన దారులివి. పర్లాకిమిడి జమీందారీ రోజుల్లో కనుమల దగ్గర బిస్సోయిలనే కొండ నాయకులు కాపలా ఉండేవాళ్లు, 1830ల్లో ఇక్కడ తిరుగుబాటు లేస్తే కంపెనీ వాళ్లు సైన్యాన్ని పంపారు, ఆ తర్వాత 1839 చట్టంతో ఈ మాలియాలని, అంటే కొండ ప్రాంతాలని, ఏజెన్సీ కింద వేరే పాలనలో పెట్టారు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది, 1931 కల్లా అది గుణుపురం దాకా వెళ్లింది, అంతే, సరుకంతా నది పక్కకి మళ్లిపోయింది. కొండ మీద దారులు మాత్రం ఊళ్లోవాళ్లవిగానే మిగిలాయి, చుట్టాల ఇంటికి, జీలుగు చెట్ల దగ్గరికి, పోడుకి. మన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, 1931లో ఆ భాషకి ఇంగ్లీషులో వ్యాకరణం అచ్చయింది, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోయాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. సవర వాళ్ల గురించి రాసే ముందు వాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకున్న మనిషి ఆయన. కొండ మీదికి సైకిల్ తీసుకెళ్లేవాడు కనీసం ఆ వరస పాటించాలి కదా.

ఇక నేల సంగతి. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. సవర ఊళ్ల కింద వాగుల వెంట మెట్లుమెట్లుగా పొలాలు ఉంటాయి, ఒక్కో మెట్టుకీ సున్నం, సిమెంటు ఏమీ లేకుండా ఉత్త రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడ, పై మడి నుంచి నీళ్లు ఆ గట్టు మీదుగా కింది మడిలోకి దిగుతాయి, పై గట్టు పోతే కిందవన్నీ పోతాయి. చాలాచోట్ల కాలిబాట ఆ గట్టే. కాలితో నడిచే మనిషి రాయి చూసుకుని అడుగేస్తాడు, సైకిల్ టైరు అలా కాదు, దిగుడులో వెనక బ్రేకు గట్టిగా పట్టారంటే చక్రం లాక్ అయి మట్టిని గీసుకుంటూ పోతుంది, ఆ గీత తర్వాతి వానకి కాలవ అయిపోతుంది. గుమ్మా దాటాక ఓ పొలం దగ్గర పనిచేసుకుంటున్న పెద్దామె మా సైకిళ్లు చూసి పని ఆపి, "బాబూ, గట్టు మీద తొక్కకండి, దిగి నడిపించుకెళ్లండి, రాయి కదిలిందంటే మడి పోద్ది" అంది. దిగాం. ఆమె పక్కకి వంగి, కదులుతున్న ఒక రాయిని పిడికిలితో కొట్టి సర్దింది, సందులో ఇంకో చిన్న రాయి దూర్చి మళ్లీ పనిలో పడింది.

ట్రైల్ కట్టేవాళ్లు పాటించే ఒక లెక్క ఉంది, దారి వాలు సగటున పది శాతం దాటకూడదు, పక్కన కొండ వాలులో సగం కూడా దాటకూడదు, దాటితే నీళ్లు పక్కకి పోకుండా దారి వెంటే పరిగెత్తుతాయి. మన పాత బాటలు ఈ లెక్కకి అందవు, మోతతో నడిచేవాడికి దగ్గరి దారి కావాలి గనక చాలాచోట్ల నిట్టనిలువుగా ఎక్కుతాయి. కాళ్లకి అవి సరిపోయాయి, వారం వారం ఇరవై సైకిళ్లు దిగితే సరిపోవు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషులు పోయారు, ఆ వాలులు ఎంత సున్నితమో ఇక్కడివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే వానాకాలంలో ఈ చుట్టు అస్సలు వద్దు, నవంబర్ నుంచి ఫిబ్రవరి చాలు, అదీ నేల ఆరాకే.

చట్టం కూడా ఊరి వైపే ఉంది. గుమ్మా బ్లాకు, ఇవతల గుణుపురం వైపు, రెండూ షెడ్యూల్డ్ ప్రాంతాలే, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించినవి. 1996 పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) గ్రామసభకి తన వనరుల్ని కాపాడుకునే అధికారం ఇచ్చింది, 2006 అటవీ హక్కుల చట్టం సాముదాయక అటవీ వనరుల మీద హక్కు ఇచ్చింది. ఊరికి రోడ్డు, బడి, అంగన్‌వాడీ లాంటి వాటికి కొద్దిపాటి అటవీ భూమి తీసుకోవాలన్నా ఆ చట్టం ప్రకారం గ్రామసభ సిఫారసు కావాలి, ఆ జాబితాలో రిసార్టూ లేదు, సైకిల్ ట్రాకూ లేదు. అంగన్‌వాడీకే అడగాల్సి ఉంటే, సరదాకొచ్చిన మనం అడక్కుండా స్ట్రావా లాంటి, రైడ్ దారులు అందరికీ చూపించే యాప్‌లో దారి పెట్టేయడం ఏ రకంగానూ న్యాయం కాదు. ఒకసారి పెట్టాక దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా మన చేతిలో ఉండదు, వెనకాల ఎవరెవరు వస్తారో ఊరికి తెలీదు.

కొంతమంది అనేది ఏంటంటే, రోడ్లు పడ్డాక ఈ బాటల మీద ఎవడూ నడవట్లేదు, నాలుగు వానలకి పొదలు కమ్మేస్తాయి, సైకిళ్లైనా వస్తే దారి బతుకుతుంది కదా అని. ఇందులో నిజం ఉంది, నేనూ కాదనను. సెరంగో దాకా ఆటో దొరుకుతుంటే పసుపు బస్తా నెత్తిన పెట్టుకుని ఎవరు దిగుతారు, దిగమని అడగడం కూడా తప్పే. కానీ దారి బతకాలంటే దాన్ని ప్రతి ఏడూ వానలయ్యాక ఎవరో నరికి, రాళ్లు సర్ది, నీళ్లకి అడ్డగట్లు వేయాలి, ఆ పనికి కూలి రావాలి. రైడర్ పర్లాకిమిడి హోటల్లో పడుకుని, గైడ్‌ని భువనేశ్వర్ నుంచి తెచ్చుకుని, ఊళ్లో ఫొటో దిగి వెళ్లిపోతే ఆ కూలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఊరివాడే గైడు, ఊళ్లోనే భోజనం, మనిషికింత అని గ్రామసభ పెట్టిన రుసుము, అందులోంచి దారి మరమ్మతు. గోడల మీద సవరవాళ్లు వేసే ఇడితాల్ బొమ్మలు వాళ్ల పూజకి సంబంధించినవి, వాటి ముందు సైకిల్ ఆనించి ఫొటోలు దిగడం అనే అలవాటు మొదట్లోనే ఆపేయాలి.

మొత్తం చుట్టు ఒకేసారి తెరవక్కర్లేదు కూడా. ఈ ఏడాది ముందుకొచ్చిన ఒకట్రెండు గ్రామసభలతో కూర్చుని, సెరంగో నుంచి గుణుపురం వైపు దిగుడులో మడిగట్లు తగలని ఒక్క ముక్క తీసుకుంటే చాలు, రోజుకి ఎన్ని సైకిళ్లో వాళ్లే చెప్తారు. గుణుపురంలో ఇప్పుడు బ్రాడ్‌గేజ్ రైలు ఉంది, అక్కడ దిగినవాడు రైలెక్కి పర్లాకిమిడి చేరిపోవచ్చు. ఫిబ్రవరి అయ్యాక దారి మూసేసి, వానలు పడ్డాక ఆ ముక్క మీద ఎక్కడ కోసుకుపోయిందో ఊరివాళ్లతో కలిసి నడిచి చూడాలి, రెండో ముక్క సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.