శిక్ష పడుతున్నది ఎవరికి?
అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ, నియమాలు తప్పిన జట్లకి వేసే శిక్షలు చాలవు, ఇంకా కఠినంగా ఉండాలి అన్న మాట సగమే ఒప్పుకుంటాను. రెజీ బుష్ అనే ఆటగాడు ఏజెంట్ల దగ్గర డబ్బు, కానుకలు తీసుకున్నాడని 2010లో యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి రెండేళ్లు బౌల్ మ్యాచ్‌లు (సీజన్ చివర్లో ఆడే పెద్ద మ్యాచ్‌లు) లేకుండా చేశారు, మూడేళ్లలో 30 స్కాలర్‌షిప్‌లు కోసేశారు. చిన్న శిక్షేం కాదు. కానీ అప్పటికే కోచ్ పీట్ కారల్ ప్రొఫెషనల్ జట్టు సియాటెల్ సీహాక్స్‌కి వెళ్లిపోయాడు, బుష్ కూడా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడుకుంటున్నాడు. బలైంది ఆ గొడవతో సంబంధం లేని కుర్రాళ్లు. పాత విజయాలు రద్దు చేయడమైతే మరీ నవ్వొస్తుంది. లూయివిల్ యూనివర్సిటీ 2013లో గెలిచిన బాస్కెట్‌బాల్ టైటిల్‌ని 2018లో రద్దు చేసి, ఆ గెలుపు గుర్తుగా కట్టిన బ్యానర్ దింపించారు. కళ్లారా చూసిన ఫైనల్ రద్దయిపోతుందా? కోచ్ ఎక్కడికి పోతే శిక్ష కూడా అక్కడికి పోవాలి, అదీ అతని జీతంలోంచి.