ఉద్వాసన వేరు, బర్తరఫ్ వేరు
పదవి నుంచి తొలగించడాన్ని చెప్పే ఉద్వాసన, బర్తరఫ్ అనే మాటలు రెండూ ఒకటేనని ఒక వ్యాసకర్త రాశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. బర్తరఫ్ ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. ‘తరఫ్’ అంటే పక్క, కనుక బర్తరఫ్ అంటే పక్కకు పెట్టేయడం. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తొలగించిన తీరుకు ఆ మాటే సరిగ్గా అతికింది, నేటికీ దాన్ని అలాగే చెప్పుకుంటున్నాం. ఉద్వాసన మాత్రం పూజగదిలో పుట్టి పెరిగిన మాట. వినాయక చవితినాడు మా నాన్నగారు పసుపు గణపతి మీద అక్షతలు వేసి, ‘యథాస్థానం ఉద్వాసయామి’ అంటూ, కింద ఉన్న తమలపాకును రెండు వేళ్లతో పట్టుకుని అంగుళం మేర పక్కకు జరిపేవారు. ఆవాహన చేసి కూర్చోబెట్టిన దేవుణ్ణి మర్యాదగా సాగనంపడమే అక్కడి భావం. ఉన్న చోటు నుంచి పంపివేయడమనే అర్థం సంస్కృతంలోనూ ఉంది కాబట్టి, పత్రికలు ‘మంత్రికి ఉద్వాసన’ అని రాయడాన్ని తప్పుపట్టను. అయితే పిలిచి పీట వేసినవారే లేపి పంపిస్తున్నారన్న ధ్వని, తాను ఎంచుకున్న మంత్రిని ముఖ్యమంత్రే తప్పించినప్పుడు ఈ మాటలో స్పష్టంగా వినిపిస్తుంది. బర్తరఫ్‌లో అది ఎంత వెతికినా దొరకదు.