ఆవకాయ 29, కందిపొడి 30

విజయవాడలో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమెజాన్‌లో అమ్మే కుటుంబం ఒకటి ఉందనుకోండి. అత్తగారు కలుపుతారు. మామగారు సీసాలు తుడిచి మూతలు బిగిస్తారు. హైదరాబాదులో కూర్చుని అల్లుడు లిస్టింగులు, అంటే అక్కడి అమ్మకం పేజీలు, చూస్తాడు. వ్యాపారం మూడు పూవులు ఆరు కాయలుగా సాగుతుండగా, ఒక పొద్దున అదే లిస్టింగులోకి ఇంకో అమ్మకందారు దూరాడు. ఫొటో అత్తగారి సీసాదే. రివ్యూలు అత్తగారి ఆవకాయవే. ధర మాత్రం పది రూపాయలు తక్కువ. జనం సహజంగా అటే వెళ్ళారు, వాళ్ళ ఇళ్ళకు చేరిన సరుకు మాత్రం వేరు. "నూనె తేలలేదు, ముక్క మెత్తబడింది, ఒక్క స్టార్" అన్న రివ్యూ చదివి అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

"లైసెన్సు ఉందిగా మనకు, వాణ్ణి లోపలేయించండి" అన్నారు మామగారు. లైసెన్సంటే ఆయన దృష్టిలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాగితం. లామినేషన్ చేయించి వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించారు. జీఎస్టీ, ఉద్యం సర్టిఫికెట్లకూ ఆ గోడ మీదే చోటు దొరికింది. స్వామి సంగతేమో గానీ, పేరును కాపాడే శక్తి ఆ మూడు కాగితాల్లో దేనికీ లేదు. ఒకటి తిండి గురించి, ఒకటి పన్ను గురించి, ఒకటి వ్యాపారం చిన్నదని ఒప్పుకోవడం గురించి. కంపెనీ పెట్టి ఆ పేరు ఖాయం చేయించుకున్నా, వెబ్‌సైట్ పేరు కొనుక్కున్నా ఇదే కథ. సరుకుకు పెట్టుకున్న పేరు మీద పూర్తి హక్కు కావాలంటే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద రిజిస్టర్ కావాలి. రిజిస్టర్ కాకపోయినా ముందునుంచీ వాడుతున్నామని కోర్టుకెక్కొచ్చు, కానీ పేరుకు ఎంత పరపతి ఉందో అక్కడ మొదటినుంచీ రుజువు చేసుకోవాలి. సొంత బ్రాండున్న అమ్మకందారులను నమోదు చేసుకునే అమెజాన్ బ్రాండ్ రిజిస్ట్రీ కూడా మొదట అడిగేది ట్రేడ్‌మార్క్ నంబరే. మన దేశంలో దరఖాస్తు పెండింగులో ఉన్నా ఆ నంబరుతో చేర్చుకుంటారు. ఈ ఒక్క ముక్క చదివి అల్లుడు ఉత్సాహపడ్డాడు.

ఆదివారం పేరు మీద పంచాయితీ. సీసా మీద అప్పటిదాకా ఉన్న పేరు "గుంటూరు స్పెషల్ అసలైన ఆవకాయ". అత్తగారికి అది ప్రాణం. చట్టంలో తొమ్మిదో సెక్షన్ చదివి దరఖాస్తులు పరిశీలించే ఎగ్జామినర్‌కు అందులో ప్రాణం కనబడదు. గుంటూరు ఊరి పేరు, ఎవరైనా వాడొచ్చు. స్పెషల్, అసలైన అనేవి పొగడ్తలు, ప్రతివాడూ వాడతాడు. ఆవకాయ సరుకు పేరు, ఒకరికి రాసివ్వడం కుదరదు.

"అయితే మనకేం మిగిలిందండీ?"

"మూత మిగిలింది అత్తయ్యగారూ."

మధ్యేమార్గంగా లేబులు మొత్తాన్ని బొమ్మగా రిజిస్టర్ చేయిద్దామన్నారు మామగారు. చేయించొచ్చు. జాడీ బొమ్మ, ఎర్రరంగు, మామిడాకులు అన్నీ కలిపి ఒక మార్కు అవుతుంది. అయితే రక్షణ ఆ లేబులు మొత్తానికే గానీ, అందులోని ఆవకాయ అన్న మాటకు విడిగా రాదు. పక్కవాడు వేరే బొమ్మ వేసుకుని అవే మాటలు రాసుకుంటే చూస్తూ కూర్చోవాలి. చేతిలో ఒక్క దరఖాస్తుకే డబ్బులుంటే ముందు మాటకు వేయడం నయం. అక్షరాలు ఏ ఆకారంలో రాసినా, రేపు లేబులు మార్చినా అది పనికొస్తుంది.

మరి ఎలాంటి పేరు నిలుస్తుంది? సరుకుతో సంబంధం లేనిది, లేదా అసలు అర్థమే లేనిది. కెమెరాలమ్మే జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కొడాక్ అనే మాటను అందుకే శూన్యంలోంచి పుట్టించాడు. "అర్థం లేని పేరు పెడితే ఆవకాయలో కూడా ఏమీ లేదనుకుంటారు" అని అత్తగారు తోసిపుచ్చారు. చివరికి "తొక్కుడుబిళ్ళ" ఖాయమైంది. ఆడపిల్లల ఆటకూ ఊరగాయకూ చుట్టరికం లేదు కాబట్టి చట్టానికి అభ్యంతరం తక్కువ. తెలంగాణ కొనుగోలుదారులకు తొక్కు గుర్తొస్తే అది లాభమే.

ఆ పేరు ఇంకెవరికైనా ఉందేమోనని ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకడానికి పైసా ఖర్చు లేదు. అల్లుడు అచ్చంగా తన స్పెల్లింగే కొట్టి, ఏమీ రాలేదని స్వీట్లు తెప్పించాడు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. శబ్దాన్ని బట్టి వెతికే వీలు కూడా అక్కడే ఉంది, అదీ చూడాలి. ఒత్తు తీసి, దీర్ఘం పెట్టి, రెండు మాటలుగా విడదీసి వెతకాలి. చెవికి ఒకేలా వినిపించి, సరుకూ దగ్గరిదైతే పదకొండో సెక్షన్ అడ్డుపడుతుంది. స్పెల్లింగులో ఒక అక్షరం తేడా ఉందన్న వాదన అక్కడ చెల్లదు.

తర్వాత తరగతులు, అంటే ఏ రకం సరుకు మీద ఆ పేరుకు హక్కు కావాలో చెప్పే అంకెలు. 1957లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో కుదిరిన ఒప్పందం మీద నిలబడిన పద్ధతి ఇది. 1 నుంచి 34 దాకా సరుకులు, 35 నుంచి 45 దాకా సేవలు. ఊరగాయ 29లో ఉంది. కందిపొడి, కారప్పొడి, మసాలాలు 30లో. పచ్చి మామిడికాయ 31లో. నెయ్యి మళ్ళీ 29లో. నిలవ పెట్టిన కూరగాయైతే 29, నంజుకునే చట్నీ అయితే 30. ఇంతకీ గోంగూర ఏమిటి? అల్లుడు గంటసేపు తలపట్టుకున్నాడు. "ఆ రాసినవాళ్ళు ఒకసారి మా ఇంటికి భోజనానికి వస్తే తేలిపోయేది" అన్నారు అత్తగారు. గోంగూర పచ్చడీ నల్లకారమూ రెండూ అమ్మేవాళ్ళు రెండు తరగతులూ తీసుకోక తప్పదు. ఇతరుల సరుకు కూడా తెచ్చి సొంత వెబ్‌సైట్‌లో అమ్మితే 35 కూడా.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తు, అంటే టీఎం-ఎ ఫారం, ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తికి, స్టార్టప్‌కు, చిన్న సంస్థకు తరగతికి 4,500 రూపాయలు. మిగతావారికి 9,000. సంస్థ పేరున వేసి 4,500 కట్టాలంటే ఉద్యం సర్టిఫికెట్టు జతచేయాలి. గోడ మీది కాగితాల్లో ఒకటి పనికొచ్చినందుకు మామగారి ముఖం వెలిగిపోయింది. రెండు తరగతులూ ఒకే ఫారంలో వేయొచ్చు, కానీ ఖర్చేమీ తగ్గదు. పైగా ఒకదాని మీద అభ్యంతరం వస్తే రెండోదీ దానితోపాటే ఆగుతుంది. కందిపొడి చేసిన నేరానికి ఆవకాయ జైల్లో కూర్చోవడం దేనికి? విడివిడిగా వేయడమే మేలు.

ఎప్పటినుంచి వాడుతున్నారు అన్న గడి దగ్గర మామగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "1962 వెయ్యి బాబూ. మా అమ్మ అప్పటినుంచే పెట్టేది."

"అమ్మేవారా మామయ్యగారూ?"

"అమ్మడమేమిటి, నలుగురికీ పంచేది."

పంచినది లెక్కలోకి రాదు. ఆ పేరుతో వ్యాపారం జరిగి ఉండాలి. పాత తేదీ వేస్తే అఫిడవిట్ ఇచ్చి, దానికి తోడు బిల్లులు, ఇన్‌వాయిస్‌లు, ప్రకటనలు చూపాలి. పేరే మొన్న ఆదివారం పుట్టినప్పుడు ఇంకా వాడలేదు, వాడబోతున్నాం అని రాయడమే నిజం, సులువు కూడా.

ఇంతవరకూ బాగానే ఉంది. అల్లుడికి పొదుపు బుద్ధి పుట్టింది ఇక్కడే. "999కే ట్రేడ్‌మార్క్, ఒక్క రోజులో" అన్న ప్రకటన కనబడింది. ఒక్క రోజులో వచ్చేది దరఖాస్తు నంబరు, అంతే. అది ఎవరు వేసినా ఒక్క రోజులోనే వస్తుంది. ఆ ప్రకటన ఇచ్చిన ఏజెంటు, తన తరఫున పని చూడమని అధికారమిచ్చే టీఎం-48 ఫారం మీద అల్లుడి చేత సంతకం పెట్టించుకుని, రిజిస్ట్రీ ఉత్తరాలు రావలసిన చిరునామా, ఈమెయిల్ గడుల్లో తనవే నింపుకున్నాడు. ఏజెంట్లు అలా నింపడం మామూలే. వాటి నకలు మనకు పంపుతాడా, రేపు ఫోనెత్తుతాడా అనేదే చూసుకోవాలి. అల్లుడు చూసింది 999 ఒక్కటే.

నంబరు వచ్చిన సాయంత్రమే మామగారు గుండ్రంలో ఆర్ వేసి 2,000 స్టిక్కర్లు అచ్చు వేయించారు. దరఖాస్తు వేసినవాళ్ళు టీఎం అని వేసుకోవచ్చు, వేయనివాళ్ళూ వేసుకోవచ్చు. గుండ్రంలో ఆర్ మాత్రం రిజిస్టర్ అయ్యాకే. ముందే వేస్తే 107వ సెక్షన్ కింద తప్పు. ఇంటిల్లిపాదీ నల్ల మార్కర్లు పట్టుకుని రాత్రంతా ఆ గుండ్రాలను చెరిపారు. తెల్లారేసరికి ప్రతి సీసాకూ దిష్టిచుక్క పెట్టినట్టయింది. అదీ ఒకందుకు మంచిదేనన్నారు అత్తగారు.

మామగారి పట్టుదల మీద జాడీ బొమ్మకు కూడా ఒక దరఖాస్తు పడింది. వారం తిరక్కుండా దాని స్థితి "వియన్నా కోడిఫికేషన్" అని చూపించింది. "మన జాడీని వియన్నా పంపించారేమిటే!" అని ఆయన పక్కింటివాళ్ళకు కూడా చెప్పొచ్చారు. ఎక్కడికీ వెళ్ళలేదు. బొమ్మలో పాత్ర ఉందా, ఆకుందా, మనిషి ముఖముందా అని చూసి ఒక్కోదానికి అంకెలు వేస్తారు. 1973లో వియన్నాలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ అంకెలు నడుస్తాయి కాబట్టి ఆ పేరు. రేపెవరైనా జాడీ బొమ్మతో వస్తే ఆ అంకెల ద్వారానే పోల్చి చూస్తారు.

అల్లుడు ఈలోగా బ్రాండ్ రిజిస్ట్రీలో దరఖాస్తు వేశాడు, వెంటనే తిరిగొచ్చింది. ట్రేడ్‌మార్క్ దరఖాస్తులో ఇంగ్లీషు అక్షరాల్లో పేరు కలిపి, టీ తర్వాత హెచ్ లేకుండా ఉంది. సీసా మీద విడదీసి, హెచ్‌తో ఉంది. మనకు రెండూ ఒకటే, అక్కడ కాదు. పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి, సరుకు మీదనో ప్యాకింగు మీదనో శాశ్వతంగా ముద్రించి ఉన్నట్టు నిజమైన ఫొటో ఇవ్వాలి. కంప్యూటర్లో అతికించిన పేరు పనికిరాదు. పాత లిస్టింగు సంగతి ఇంకా ఘోరం. మొదట్లో తొందరలో దాన్ని బ్రాండ్ లేని "జెనెరిక్" కింద పెట్టారు. దాన్ని తర్వాత బ్రాండు సరుకుగా మార్చనివ్వరు, కొత్త లిస్టింగు తెరవాలి. అత్తగారు సంపాదించిన రివ్యూలన్నీ ఆ దొంగ అమ్మకందారుతోపాటు పాత ఇంట్లోనే ఉండిపోయాయి.

కొత్త స్టిక్కర్లు, కొత్త ఫొటోలు. ఈసారి దరఖాస్తు ముందుకు కదిలింది. "మీ ట్రేడ్‌మార్క్ రికార్డులో ఉన్న ఈమెయిల్‌కు కోడ్ పంపాం, అది మాకు తెలపండి" అన్నారు. రికార్డులో ఉన్నది ఏజెంటు ఈమెయిల్. ఏజెంటు ఫోను స్విచాఫ్. ఆఫీసు చిరునామాకు వెళ్తే అక్కడ ఐస్‌క్రీమ్ పార్లరు ఉంది, ఆయన ఇప్పుడు శంకరపల్లి వైపు ప్లాట్లు వేయిస్తున్నాడట.

పోయింది కోడ్ ఒక్కటే అయితే బాధలేదు. ఎగ్జామినర్ అభ్యంతరం చెప్పినా అదే ఈమెయిల్‌కు వస్తుంది. అందిన నెలలోపు జవాబివ్వకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే. గట్టెక్కి రిజిస్ట్రీవారి ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రకటించాక నాలుగు నెలల్లోపు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. ఆ నోటీసు అందిన రెండు నెలల్లో బదులు చెప్పకపోయినా అదే గతి. ఇదంతా ప్లాట్ల పెద్దమనిషి మెయిల్ పెట్టెలో నిశ్శబ్దంగా జరిగిపోగలదు. దరఖాస్తు నంబరు కొట్టి వారానికోసారి స్థితి చూసుకోవడం ఎవరికి వారు చేసుకోగల పని. చెన్నై రిజిస్ట్రీ దాకా వెళ్ళనక్కర్లేదు.

అల్లుడు టీఎం-ఎం ఫారం వేసి 900 రూపాయలు కట్టి చిరునామా, ఈమెయిల్ మార్పించాడు. కొత్త ఏజెంటుకు కొత్త టీఎం-48. ఈసారి ఎవర్నీ నమ్మేది లేదని, ఇంటి పెద్దల ఈమెయిలే ఇచ్చాడు. అది మామగారి ఫోనులో ఉంటుంది. రికార్డు మారాక కోడ్ మళ్ళీ పంపమని అడిగి, రెండు రోజులాగి ఫోను చేశాడు.

"మామయ్యగారూ, కోడ్ ఏమైనా వచ్చిందాండీ?"

"వచ్చింది బాబూ, నిన్ననే."

"అమ్మయ్య! ఏమిటో చెప్పండి, రాసుకుంటాను."

"తప్పు బాబూ. కోడ్ వస్తే సొంతవాళ్ళక్కూడా చెప్పొద్దని బ్యాంకువాళ్ళు మరీ మరీ చెప్పారు. నువ్వేం కంగారు పడకు, చూసిన వెంటనే తీసిపారేశాను."